అర్థశాస్త్రంలో ఒక్క పాఠమేనా?
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో బి.ఏ. పిల్లలకు అర్థశాస్త్రం చెప్పే మాబోటివాళ్ళం మొదట బోర్డు మీద రెండు గీతలు గీస్తాం. ఒకటి డిమాండు, ఇంకొకటి సప్లయి. రెండూ కలిసినచోట ధర. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో గీస్తారు, పాసవుతారు.

2023 జులైలో మదనపల్లె మార్కెట్టులో టమాట కిలో వంద రూపాయలు దాటింది. సెప్టెంబరుకల్లా ధర కూలిపోయింది. ఇంతవరకు మా గీతలు సరిపోతాయి, కాదనం. అయితే మండీవారి దగ్గర పెట్టుబడికి ముందే డబ్బు తీసుకున్న రైతు సరుకు వేరే చోటికి తోలలేడు గదా! ఆ సంగతి ఏ గీతలో ఉంది? క్లాసులో ఒక రైతుబిడ్డ ఇదే అడిగితే "సిలబస్సులో లేదు నాయనా" అన్నాం. ఆ జవాబు మమ్మల్ని ఇప్పటికీ పొడుస్తూనే ఉంది.

చెప్పడానికి లేక కాదు. అంబేడ్కర్ 1918లోనే చిన్న కమతాల మీద వ్యాసం రాశారు. రైతు చెడేది చెక్క చిన్నదైనందుకు కాదు, తగిన పెట్టుబడి, పనిముట్లు లేక, భూమి మీద ఆధారపడేవాళ్ళు ఎక్కువై అని, పరిశ్రమలు రావాలని వారి వాదం. మార్క్సు అయితే మిగులు ఎవరి చేతికి పోతున్నదో చూడమంటాడు. కీన్సు జనం చేతిలో కొనే శక్తి ఎంతుందో చూడమంటాడు. టమాట బాక్సు ఒకటే, ప్రశ్నలు వేరు.

ఇబ్న్ ఖల్దూన్ 1377లో రాసిన ‘ముఖద్దిమా’లో, ఏ మనిషీ తన రొట్టె తానొక్కడే సంపాదించుకోలేడనీ, దాని వెనుక కమ్మరి, వడ్రంగి, కుమ్మరి ఉన్నారనీ వివరించాడు. ఆడం స్మిత్ గ్రంథం వచ్చింది 1776లో. మన శ్రమ విభజన పాఠంలో స్మిత్ ఒక్కడే కనిపిస్తాడు. ఖల్దూన్ మనవాడని గొప్పకు చెప్పడం లేదు, ఆయనతోనూ వాదించవచ్చు.

"పిల్లలు తికమకపడరా?" అంటారు తోటి అధ్యాపకులు. ఇమాములు నలుగురు కొన్ని సంగతులు వేర్వేరుగా చెప్పారని మనం నమాజు మానలేదు గదా! 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత, 2012లో, ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయ విద్యార్థులే సంఘం పెట్టుకుని, ఒక్క సంప్రదాయమే కాదు, తక్కినవీ చెప్పండని అడిగారు.

పరీక్షకు వచ్చేది ఆ గీతలే గనుక వాటిని వదలమనం. సిలబస్సు మారేదాకా ఆగనూ లేం. సంఘంవారు ఆదివారం పూట ఒక గది, ఒక గంట ఇస్తే మేము వంతులవారీగా వచ్చి చెబుతాం. మొదటి ఆదివారం టమాట మండీ లెక్కే. ఇంట్లో మండీవారిచ్చిన చీటీలుంటే తీసుకురండి.