షింజుకులో ఎక్కడ తినాలి? అమ్మ అడిగిన ఒక్క ప్రశ్న

ఇవాళ్టి ఎపిసోడ్ తిండి గురించి. టోక్యో ట్రిప్ ప్లాన్ చేసుకునేవాళ్లు నాకు పెట్టే మెసేజ్‌లలో సగం ఇదే ఉంటుంది: "అన్నా, షింజుకులో మంచి జపనీస్ రెస్టారెంట్ ఒకటి చెప్పవా?" నేను నాలుగేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. ఆఫీసు షింజుకు స్టేషన్‌కి పడమర వైపే. అయినా ఈ ప్రశ్నకి ఒక్క పేరు చెప్పలేను. ఎందుకో అర్థం కావాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

పోయిన నవంబర్‌లో అమ్మ వచ్చింది, నరసరావుపేట నుంచి. మొదటిసారి విమానం ఎక్కడం. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. వచ్చిన రెండో రోజు సాయంత్రం షింజుకు అంతా తిప్పి చూపిస్తున్నా. చలి చంపేస్తోంది, ఇద్దరికీ ఆకలి. ఎదురుగా ఒక ఉడోన్ షాపు కనిపించింది. ఉడోన్ అంటే మైదాతో చేసే లావుపాటి నూడుల్స్, వేడి వేడి రసంలో వేసి ఇస్తారు. బయట ఫొటో చూశా. తెల్లటి నూడుల్స్, పైన ఉల్లికాడలు, అంతే. మాంసం లేదు, చేప ముక్క లేదు. వెంటనే మెషిన్‌లో రెండు టికెట్లు కొనేశా. గిన్నె ముందుకొచ్చాక అమ్మ అడిగింది, "ఏరా, ఇందులో చేప లేదు కదా?" అని. "లేదమ్మా, తిను" అన్నా. ఆ చలికి ఆ రసం ఆమెకి ఎంత నచ్చిందంటే గిన్నె రెండు చేతులతో ఎత్తి చివరిదాకా తాగింది.

మర్నాడు ఆఫీసులో నా పక్కన కూర్చునే జపాన్ ఆవిడకి గొప్పగా చెప్పా, మా అమ్మకి ఉడోన్ నచ్చింది అని. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "మరి దషి?" అంది.

దషి గురించి మీకు తెలియకపోతే ఈ వీడియోలో మిగతాదంతా మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. కత్సువో అని ఒక చేప ఉంటుంది. దాన్ని ఉడకబెట్టి, పొగ పట్టించి, చెక్క ముక్కలా గట్టిపడేదాకా ఎండబెడతారు. తర్వాత వడ్రంగి చిత్రిక పట్టినట్టు పల్చగా చెక్కుతారు. ఆ పొరల్ని వేడి నీళ్లలో వేసి వడకడితే వచ్చే రసమే దషి. కొంబు అనే సముద్రపు నాచు కూడా వేస్తారు, కొన్నిచోట్ల ఎండబెట్టిన చిన్న చేపలు వేస్తారు. మనకి తాలింపు ఎలాగో వీళ్లకి ఇది అలాగ, దాదాపు అన్నిట్లో ఉంటుంది. ఉడోన్ రసం, సోబా ముంచుకునే సాస్, మిసో సూప్, ఉడికించిన కూరగాయలు, ఆఖరికి పాలకూర పైన పోసే పులుసులో కూడా. కంటికి కనపడదు. అందుకే ఫొటో చూసి "వెజ్" అనుకోవడం ఇక్కడ పనికిరాదు. వెయిటర్‌ని "బెజితరియన్?" అని అడిగితే మాంసం ముక్కలు తీసేసి ఇస్తారు, దషి గురించి వాళ్లకి ఆలోచనే రాదు. మోసం అనకండి, వాళ్ల లెక్కలో అది నీళ్ల లాంటిది.

సరే, అమ్మకి చెప్పాలా వద్దా? ఆ విషయానికి మళ్లీ వస్తాను.

అప్పటిదాకా నేను హోటల్ ఎలా ఎంచుకునేవాణ్నంటే, మ్యాప్ తీయడం, 4.5 స్టార్లు ఉన్నది నొక్కడం. షింజుకులో అది నిజంగా పనిచేయదు. ఈ ఏరియా సైజు ముందు ఊహించుకోండి. స్టేషన్‌లో రోజుకి దాదాపు 30 లక్షల మంది తిరుగుతారు, ప్రపంచంలో అన్నిటికన్నా రద్దీ స్టేషన్ అని గిన్నిస్ రికార్డు. బయటికి వెళ్లే దారులే 200 పైన ఉన్నాయి. తప్పు దారిలో బయటికొస్తే మీరు అనుకున్న హోటల్‌కి పావుగంట నడక. పైగా హోటళ్లు రోడ్డు మీద ఉండవు, ఒక్కో బిల్డింగ్‌లో ఏడెనిమిది అంతస్తులు, అంతస్తుకొకటి. మ్యాప్‌లో చుక్క దగ్గరే నిలబడి ఉంటారు, హోటల్ మాత్రం మీ నెత్తి మీద ఆరో ఫ్లోర్‌లో ఉంటుంది.

స్టార్ల సంగతికొస్తే, జపాన్ వాళ్లు తిండి కోసం ఎక్కువగా చూసేది తబెలాగ్ అనే యాప్. 2005 నుంచి ఉంది. అందులో మార్కులు చాలా పిసినారిగా వేస్తారు. 3.5 దాటిందంటే అది మంచి షాపు. 3.2 ఉన్నచోట కూడా నేను చాలా హాయిగా తిన్నాను. మన కళ్లకి 3.5 అంటే మామూలు స్టూడెంట్ లాగా కనపడుతుంది, అందుకే వదిలేసి టూరిస్టులు 4.8 వేసిన చోటికి పోతాం. ఆ టూరిస్టులు జీవితంలో రెండోసారో మూడోసారో రామెన్ తిన్నవాళ్లు, నాలాగే. స్టార్లు చూడొద్దని కాదు, ఎవరు వేశారో చూడండి. జపనీస్‌లో రాసిన రివ్యూల్ని ట్రాన్స్‌లేట్ కొట్టి ఓ నాలుగు చదివితే చాలు.

ఇంకో ముఖ్యమైన విషయం. "జపనీస్ రెస్టారెంట్" అనే మాట మనకే ఉంది, ఇక్కడ చిన్న షాపుల్లో ఆ లెక్క లేదు. మన హైదరాబాద్‌లో ఒకే మెనూలో బిర్యానీ, నూడుల్స్, దోశ, పిజ్జా అన్నీ ఉంటాయి. ఇక్కడ రామెన్ షాపులో రామెన్, తోంకత్సు షాపులో పంది కట్‌లెట్, ఉనాగి షాపులో ఈల్ చేప. ఒకే పని ముప్పై నలభై ఏళ్లు చేస్తారు. అందుకే హోటల్ కన్నా ముందు వంట ఎంచుకోవాలి. నలుగురూ నాలుగు రకాలు అడిగితే ఇజకాయాకి వెళ్లండి, చిన్న చిన్న ప్లేట్లు చాలా ఉంటాయి. కాకపోతే కూర్చోగానే మీరు అడక్కుండా ఒక చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెడతారు. దాన్ని ఒతోషి అంటారు. ఫ్రీ కాదు, మనిషికి 300 నుంచి 500 యెన్ దాకా బిల్లులో వస్తుంది. అది ఇక్కడి పద్ధతి, గొడవపడకండి. టిప్పు ఇవ్వక్కర్లేదు కాబట్టి ఇక్కడికి ఇక్కడ సరిపోతుందిలెండి.

అమ్మానాన్నలతో వస్తే మాత్రం నా మాట వినండి, డిపార్ట్‌మెంట్ స్టోర్ల పై అంతస్తులకి వెళ్లండి. షింజుకు తకషిమయాలో 12 నుంచి 14 అంతస్తుల దాకా రెస్టారెంట్లే. ఇది చెప్తే ఫుడ్ వ్లాగర్లు నవ్వుతారు, "రియల్ టోక్యో కాదు" అని. నవ్వనివ్వండి. అద్దం వెనక ప్లాస్టిక్‌తో చేసిన నమూనా వంటకాలు, పక్కన ధర, కూర్చోడానికి కుర్చీ, దగ్గర్లో టాయిలెట్, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి లిఫ్ట్. ఒమొయిదే యొకొచో చాలా బాగుంటుంది, యుద్ధం అయిపోయాక బ్లాక్ మార్కెట్‌గా పుట్టిన సందు, రెండు వైపులా యకితోరి పొగ, ఫొటోలు అదిరిపోతాయి. కానీ ఆ షాపుల్లో పదిమంది పట్టడం కష్టం. ఇద్దరు స్నేహితులైతే వెళ్లండి, సూట్‌కేసుతో ఫ్యామిలీ అయితే బయట నుంచే చూడండి. గోల్డెన్ గాయ్ కూడా అంతే. అక్కడ 200 పైగా బుల్లి బార్లు, చాలావాటిలో కూర్చున్నందుకే చార్జీ.

లోపలికి వెళ్లేముందు తలుపు చూడండి. గుమ్మానికి గుడ్డ తెర వేలాడుతుంటే తెరిచి ఉన్నట్టు, దాన్ని నోరెన్ అంటారు. లోపలికి తీసేస్తే మూసేసినట్టు. మెనూ, ధర బయట పెట్టారా లేదా చూడండి. టికెట్ మెషిన్ ఉన్న షాపులైతే చిన్న నోట్లు దగ్గర పెట్టుకోండి. 2024 జూలైలో కొత్త నోట్లు వచ్చాక కొన్ని పాత మెషిన్లు వాటిని తీసుకోవడం మానేశాయి, వెనక క్యూ, నేను నోటు తోస్తుంటే అది బయటికి తోస్తోంది. డబ్బు ఆదా కావాలంటే మధ్యాహ్నం వెళ్లండి. రాత్రి ఎనిమిది వేలు తీసుకునే చోట మధ్యాహ్నం సెట్ భోజనం రెండు వేల లోపు దొరకొచ్చు. 12 నుంచి 1 దాకా మాత్రం వద్దు, మాలాంటి ఆఫీసు జనం అంతా అప్పుడే దిగుతాం.

ధర బయట లేని చోటికి నేను వెళ్లను. దానికో కథ ఉంది. మొదటి సంవత్సరం, ఫ్రెండ్ ఫేర్‌వెల్. తూర్పు వైపు కబుకిచోలో ఒకతను మంచి ఇంగ్లిష్‌లో పలకరించాడు, "మనిషికి 3000, ఎంతైనా తాగొచ్చు" అని. ఆ పైన మైకులో "పిలిచేవాళ్ల వెంట వెళ్లకండి" అని వినపడుతూనే ఉంది, మేం నవ్వుకుంటూ వెళ్లాం. నలుగురికి 31 వేలు అయింది. సీటు చార్జీ, వీకెండ్ చార్జీ, సర్వీస్ చార్జీ, ఇంకేదో. ఇలా రోడ్డు మీద జనాన్ని పిలవడం ఇక్కడ నిషేధం. మంచి వంట చేసేవాడికి రోడ్డు మీద మనిషిని పెట్టాల్సిన అవసరం ఉండదు కదా, ఆ మాత్రం ఆలోచన ఆ రోజు మా నలుగురిలో ఒక్కడికీ రాలేదు.

ఇప్పుడు శాకాహారుల దగ్గరికి వద్దాం, నాకు అసలు చెప్పాలనున్నది ఇదే. కూరగాయల టెంపురా సేఫ్ అనుకుంటారు. మామూలుగా ఆ పిండిలో గుడ్డు కలుపుతారు, అదే నూనెలో రొయ్యలు వేగుతాయి, ముంచుకునే సాస్‌లో దషి. మాంసం తినేవాళ్లకి చక్కటి వంట, మా అమ్మకి మూడు చోట్లా దెబ్బే. మీరు నమ్మరు గానీ, సుషీ కౌంటర్‌లో దారి దొరికింది. కప్పా మకి అంటే దోసకాయ రోల్. ఉమే షిసో అంటే పుల్లటి ఊరగాయ, ఆకు పెట్టిన రోల్. మన కళ్ల ముందే చేస్తారు, ఏం వేస్తున్నారో అడగొచ్చు. కాకపోతే అద్దం వెనక వరసగా చేపలు. అమ్మ కుర్చీ కొంచెం పక్కకి తిప్పుకుని కూర్చుని తింది. నాలుగు ముక్కలు తిని, "ఇది పెరుగన్నంతో బాగుంటుంది" అంది.

స్టేషన్ తూర్పు వైపున్న నకమురయా దగ్గరికి కూడా తీసుకెళ్లా. తినడానికి కాదు, కథ చెప్పడానికి. 1915లో బ్రిటిష్‌వాళ్ల నుంచి తప్పించుకుని జపాన్ వచ్చిన రాస్ బిహారీ బోస్‌ని ఆ షాపు నడిపే సోమా దంపతులు దాచారు. తర్వాత ఆయన వాళ్ల అమ్మాయినే పెళ్లి చేసుకున్నారు. 1927లో అక్కడ మన ఇండియన్ కర్రీ మొదలైంది ఆయన వల్లే. ఇప్పటికీ అమ్ముతున్నారు. చికెన్ కర్రీ, అన్నం. మీరు మాంసం తింటే తప్పకుండా వెళ్లండి. అమ్మ బోర్డు ముందు ఫొటో దిగింది, అది చాలంది.

కడుపు నిండా, అనుమానం లేకుండా తిన్నది మాత్రం షింజుకులో కాదు. చువో లైన్‌లో పావుగంట వెళ్తే టోక్యో స్టేషన్. గేటు లోపలే కేయో స్ట్రీట్ అని ఉంటుంది, అక్కడ టీస్ తన్తన్ అనే రామెన్ షాపు. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ వాడరు. నువ్వుల ముద్ద, వేరుశనగతో చిక్కటి రసం. ఏరియాలో సరైనది దొరక్కపోతే పట్టుదలకి పోకండి, రైలెక్కండి. దారిలో వెతుక్కోడానికి హ్యాపీకౌ యాప్ ఉంది. టైముంటే గుళ్లలో సన్యాసులు తినే షోజిన్ ర్యోరి కోసం కూడా చూడండి. అందులో దషి కొంబుతో, ఎండు పుట్టగొడుగులతో చేస్తారు.

ఆ రామెన్ ముందు కూర్చున్నప్పుడు అమ్మ మళ్లీ అదే అడిగింది, "ఇందులో చేప లేదు కదా?" నేను నాలుగు రోజుల నుంచి దాచిన ఉడోన్ సంగతి అప్పుడు చెప్పేశా. స్పూన్ పక్కన పెట్టేసింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "తెలియక తిన్నది వేరు. నువ్వు కనుక్కోకుండా లేదన్నావు చూడు, అది వేరు" అంది. నా దగ్గర జవాబు లేదు. రసం చల్లారిపోతోందని తనే మళ్లీ స్పూన్ తీసుకుంది.

అప్పటినుంచి నా ఫోన్‌లో ఒక లైన్ ఉంది. స్క్రీన్ మీద పెడుతున్నా, స్క్రీన్‌షాట్ తీసుకోండి: "నికు, సకనా, తమగో, కత్సువో దషి వా తబెరారెమసెన్." మాంసం, చేప, గుడ్డు, కత్సువో దషి తినలేం అని. జపనీస్ లిపిలో ఉన్నది కింద ఇస్తాను, అది చూపించండి. కూర్చున్నాక కాదు, గుమ్మం దగ్గరే చూపించండి. చాలాచోట్ల వంటాయన లోపలికి వెళ్లి, సీసా తిప్పి చదివి, వచ్చి, తల వంచి "సారీ" అంటాడు. ఆయనకి థ్యాంక్స్ చెప్పి పక్క షాపుకి వెళ్లండి.

అమ్మ ఊరెళ్లాక పోయిన వారం వీడియో కాల్ చేసింది. మిక్సీలో నువ్వులు, పల్లీలు వేసి ఆ రామెన్ రసం చేసిందట. చింతపండు కూడా వేసిందట. ఎలా ఉందమ్మా అంటే, "చారులా వచ్చిందిరా, బానే ఉంది" అంది.