నడిచొచ్చిన రాయి, ఎగిరొచ్చిన బూడిద



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారింటికి చివరి రోజుల్లో ఎప్పుడు వెళ్లినా, కిటికీ గట్టు మీద రెండు వస్తువులు కనిపించేవి. ఒకటి కొవ్వూరు దగ్గరి పంగిడి క్వారీ నల్లరాయి. రెండోది చిన్న సీసాలో తెల్లటి పొడి. అది బనగానపల్లె వైపు జుర్రేరు లోయలో, జ్వాలాపురం దగ్గర దొరికింది. "రెండూ అగ్నిపర్వతాలవే. ఒకటి మన దగ్గరికి నడిచొచ్చింది, ఒకటి ఎగిరొచ్చింది. ఎందుకలా?" అని వచ్చినవాళ్లనల్లా అడిగేవారు. నేనివాళ మాట్లాడేదంతా ఆ ప్రశ్న గురించే.

అగ్నిపర్వతం అన్న మాట మనకు ముద్దుగా ఉంటుంది గాని, అక్కడ ప్రధానంగా ఏదీ మండదు. ఉన్నది కరిగిన రాయి, అంటే మాగ్మా. పర్వతమూ ఉండి తీరాలని లేదు. మాగ్మాలో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వంటివి గోళీసోడాలో గ్యాసులా కరిగి ఉంటాయి. లోతున ఉన్నంతసేపు ఒత్తిడి వాటిని అణిచి ఉంచుతుంది. పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి బుడగలు పుడతాయి. ఆ బుడగలు సులువుగా బయటపడతాయా లేదా అన్నదాన్ని బట్టే పేలుడు.

వంటింట్లో చూడండి. పల్చటి జావ కాగేటప్పుడు బుడగలు చప్పుడు లేకుండా పైకొచ్చి పోతాయి. అదే సంగటి ఉడికేటప్పుడు బుడగ లోపలే ఆగి, ఉబ్బి, తుపుక్కున పేలి చేతి మీద పడుతుంది. మాగ్మాలో ఈ చిక్కదనం సిలికా వల్ల వస్తుంది. సిలికా 50 శాతం దగ్గర ఉండి, వేడి 1,100 డిగ్రీలు దాటితే అది పల్చటి బసాల్టు. సిలికా 70 శాతం దాటి, వేడి 800 డిగ్రీల దగ్గరికి దిగితే గట్టి ముద్ద.

హవాయిలోని మౌనాలోవా జావ రకం. లావా దూరదూరాలకు పారి పేరుకోవడంతో కొండ బోర్లించిన మూకుడులా ఉంటుంది. స్ట్రాంబోలీలో చిక్కదనం కొంచెం ఎక్కువ. గంటకు కొన్నిసార్లు బుడగ పగిలి నిప్పురవ్వలు చిమ్ముతుంది. మెక్సికోలో 1943లో ఒక మొక్కజొన్న చేలో నేల చీలి పరికూటిన్ పుట్టింది. చిమ్మిన రాళ్లే గుట్టగా పడి, తొమ్మిదేళ్లలో 400 మీటర్లు దాటి ఆగిపోయింది. ఫుజీ, మేయాన్ వంటి నిటారు కొండలు ఒక పొర లావా, ఒక పొర బూడిదగా పెరిగినవి. చూడ్డానికి అందమైనవీ, ఎక్కువ భయపెట్టేవీ ఇవే. క్రీ.శ. 79లో వెసూవియస్ మేఘం చెట్టులా లేచిందని రాసిన చిన్న ప్లినీ పేరే ఆ రకం పేలుడుకు స్థిరపడింది. అయితే ఆకాశానికి లేచే మేఘం కన్నా, నేలబారున దూసుకొచ్చే వేడి బూడిద, వాయువుల మేఘం దారుణం. 1902లో మార్టినీక్ దీవిలో పెలే కొండ నుంచి దిగిన అలాంటి మేఘం సెయింట్ పియర్ పట్టణాన్ని నిమిషాల్లో తుడిచేసింది. చనిపోయినవాళ్లు సుమారు 28,000 మంది.

మరి మన నల్లరాయి? దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాడు దక్కనులో నేల బారుగా చీలి, ఆ పగుళ్ల నుంచి బసాల్టు పొంగింది. శిఖరం లేదు. పొర మీద పొరగా పరుచుకుంది. రాజమండ్రికి అటూ ఇటూ గోదావరి గట్లలో, కాటేరులో, పంగిడిలో కనిపించే రాయి రసాయన గుణాల్లో సహ్యాద్రి లావాలకు సరిపోలుతుంది. పాత నదీలోయల వెంట ఇంచుమించు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని శాస్త్రజ్ఞుల్లో చాలామంది భావిస్తున్నారు. అంత దూరం చల్లారకుండా ఎలా వచ్చింది? పాల మీద మీగడ కట్టినట్టు పైన రాతి పొర గట్టిపడి లోపలి వేడిని కాచింది. కింద లావా పారుతూనే ఉంది. రెండు లావా పొరల నడుమ గుల్లలున్న సున్నపురాయి కనిపిస్తుంది. మొదటి పొర చల్లారి, నీరు నిలిచి, అందులో నత్తలు బతికాక గాని రెండోది రాలేదన్నమాట. ఆ గుల్లలు మొదటిసారి చేతికి తగిలిన రోజు నేను అన్నం మాట మరిచిపోయాను.

తెల్లపొడి మాత్రం సుమత్రా దీవి తోబాది. సుమారు 74,000 ఏళ్ల కింద గట్టి మాగ్మా పేలి, దాదాపు 2,800 ఘనపు కిలోమీటర్ల మేర బయటపడింది. కింద ఖాళీ అయ్యేసరికి పైకప్పు కూలింది. ఇప్పుడక్కడ వంద కిలోమీటర్ల పొడవున సరస్సు. ఆ బూడిద రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో వచ్చి రాయలసీమలో రాలింది. రాలింది కొద్ది మందమే. వానలకు చుట్టుపక్కల నుంచి కొట్టుకొచ్చి, లోయలో కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా పేరుకుంది. దాన్ని గిన్నెలు తోమే పొడికని తవ్వుకుపోతుంటే మాస్టారు విలవిల్లాడేవారు. మన పొయ్యి బూడిద వేరు, ఇది వేరు. ఇది ఏదో కాలగా మిగిలింది కాదు, గాజు. భూతద్దం కింద పెడితే వంపు తిరిగిన సన్నటి పెంకులు కనిపిస్తాయి. ఒక్కో పెంకూ పగిలిన బుడగ గోడ ముక్క. సంగటి బుడగ చిట్లిన క్షణం అలాగే గట్టిపడి ఉండిపోయింది.

2007లో 'సైన్స్' పత్రికలో అచ్చయిన జ్వాలాపురం తవ్వకాల ఫలితం ఇంకా గొప్పది. ఆ బూడిద పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి, అవి ఇంచుమించు ఒకే తీరువి. అంత బూడిద రాలాక కూడా జుర్రేరు ఒడ్డున ఎవరో మళ్లీ కూర్చుని రాయి చెక్కారు.

మాస్టారి నల్లరాయి, సీసా ఆ బల్ల మీద పెట్టించాను. పక్కనే భూతద్దం ఉంది. పిల్లల్ని ముందు చూడనివ్వండి.