అమెరికా సంబంధం - అమ్మాయి కాగితాలు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడూ ఈ సభలో చదువుల గురించి, కట్నాల గురించి మాట్లాడుకుంటున్నాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను గ్రీన్ కార్డు దరఖాస్తు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వకీలును కాను. రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అమెరికా సంబంధం కుదిరిన పిల్లల తండ్రులు కాగితాల కట్ట చంకన పెట్టుకొని మా యింటికి రావడం మొదలైన తర్వాత ఆ దేశపు ఫారాలు చదవడం అలవాటైంది. అందువల్ల నాకు తెలిసిన మేరకు మనవి చేస్తాను.

నా మాట ఒక్కటే. ఈ దరఖాస్తు నిఖా అయిన తర్వాత మొదలయ్యే పని కాదు, నిఖాకు ముందే మొదలు కావలసిన పని. పైగా అది అల్లుడి పని మాత్రమే కాదు, అమ్మాయి పని కూడా.

'అమెరికా సంబంధం' అని మనం ఒక్క మాటలో అనేస్తాం. అబ్బాయి అక్కడ ఏ హోదాలో ఉన్నాడో అడగం. అడిగితే అవతలివారు ఏమనుకుంటారో అని మొహమాటం. మెహర్ ఎంతో, షామియానా ఎక్కడో గంటలకొద్దీ మాట్లాడుకుంటాం గాని ఈ ప్రశ్న మాత్రం నోటికి రాదు. హెచ్-1బి ఉద్యోగి అయితే భార్యకు వచ్చేది హెచ్-4 వీసా, అది గ్రీన్ కార్డు కాదు. భారతదేశంలో పుట్టినవారికి ఉద్యోగం మీద గ్రీన్ కార్డు రావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతున్నది. అబ్బాయికే గ్రీన్ కార్డు ఉంటే భార్యకోసం అర్జీ పెట్టవచ్చుగాని, ఆ తరగతికి ఏటా ఇంతమందికే అని పరిమితి ఉన్నది, వరుసలో నిలబడాలి. అబ్బాయి సిటిజన్ అయితే మాత్రం భార్య 'ఇమీడియట్ రిలేటివ్' కింద వస్తుంది, ఆ పరిమితి వర్తించదు. అయినా కాగితాలు నడవడానికి ఏడాదికి అటూ ఇటూ, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పెళ్ళైన నెలకే విమానం ఎక్కుతుందని చుట్టాలకు చెప్పుకోకండి. సిటిజన్ అన్నవాణ్ణి అమెరికా పాస్‌పోర్టో, నేచురలైజేషన్ సర్టిఫికెట్టో చూపించమని అడగడంలో అమర్యాద ఏమీ లేదు. రేపు అర్జీకి ఎలాగూ జత చేయవలసిన కాగితమే కదా!

ఇక నిఖా సంగతి. ఇది మనవాళ్లు అందరూ చెవిన వేసుకోవాలి. అబ్బాయికి సెలవు దొరకలేదనో, టిక్కెట్టు ఖరీదనో, ఫోనులోనో వీడియోలోనో ఈజాబ్-ఖబూల్ జరిపించే అలవాటు కొన్నిచోట్ల వచ్చింది. 2020లో కరోనా రోజుల్లో మరీ పెరిగింది. షరియత్ ప్రకారం అది చెల్లుతుందా లేదా అన్నది ఉలేమాలు చెప్పవలసిన విషయం, నేను దాని జోలికి పోను. కాని అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో స్పష్టంగా ఒక నిబంధన ఉన్నది. వధూవరులు ఒకరి సమక్షంలో ఒకరు లేకుండా జరిగిన పెళ్లిని, ఆ తర్వాత వారిద్దరూ కలిసి కాపురం చేస్తే తప్ప, ఆ చట్టం పెళ్లిగా లెక్కించదు. అంటే ఫోను నిఖా చేసి, అబ్బాయి ఇండియాకు రాకుండానే అక్కడినుంచి ఐ-130 ఫారం పంపితే ఆ అర్జీ నిలబడదు. మీరిచ్చిన విందు, పంచిన శుభలేఖలు దానిని నిలబెట్టలేవు. అందుచేత అబ్బాయి స్వయంగా వచ్చి మజ్లిస్‌లో కూర్చుంటేనే నిఖా అని ముందుగానే ఖరారు చేసుకోండి.

కొందరు 'నిఖా అక్కడే చేద్దాం, ఫియాన్సీ వీసా మీద పంపండి' అంటారు. దానిని కె-1 అంటారు. ఆ వీసా మీద వెళ్ళిన అమ్మాయి 90 రోజుల్లోగా ఆ అబ్బాయినే పెళ్లాడాలి, ఆ తర్వాతే గ్రీన్ కార్డుకు దరఖాస్తు. తల్లిదండ్రులు లేనిచోట, పెళ్లి కాకుండా పిల్లను పంపడం మన ఇళ్లలో ఎంతమందికి సమ్మతమో మీరే ఆలోచించండి. మేనరికం సంబంధమైతే మరొక చిక్కు. మేనత్త మేనమామ పిల్లల మధ్య పెళ్లిని న్యూయార్క్, కాలిఫోర్నియా రాష్ట్రాలు ఒప్పుకుంటాయి, టెక్సాస్ 2005 నుంచి ఒప్పుకోదు. అబ్బాయి ఉండే రాష్ట్రం చట్టం ఏమిటో ముందే కనుక్కోవాలి.

నిఖానామా ఖాజీగారు వ్రాసి ఇస్తారు. చాలావరకు ఉర్దూలో ఉంటుంది. దానికి ఇంగ్లీషు అనువాదం జతపరచాలి. అనువాదకుడు తనకు రెండు భాషలూ వచ్చునని, అనువాదం సమగ్రమనీ సరియైనదనీ క్రింద వ్రాసి సంతకం చేయాలి. ఖాజీగారి దస్తూరి అర్థం కాక అనువాదకుడు ఊహించి వ్రాసిన పేర్లు నేను చూశాను. అందుకని నిఖా రోజునే, అత్తరు వాసన ఆరకముందే, నిఖానామాలో పేర్లు, తేదీ, సాక్షుల పేర్లు, మెహర్ సరిచూసుకోవాలి. దానితో ఆగకుండా, 2002లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ వివాహాల తప్పనిసరి నమోదు చట్టం ప్రకారం పెళ్లిని ప్రభుత్వంవద్ద కూడా నమోదు చేయించండి. ఆ చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. అబ్బాయి ఇక్కడ ఉండేది రెండు మూడు వారాలు. వలీమా అయింది కదా అని ఊటీకో కాశ్మీరుకో పోతే, తర్వాత అతని సంతకం కోసం సముద్రాలు దాటాలి.

ఇద్దరిలో ఎవరికైనా ఇంతకుముందు పెళ్లి అయి ఉంటే, అది చట్టప్రకారం ముగిసిందని రుజువు కావాలి. వితంతువుకు, భార్య చనిపోయినవానికి మరణ ధ్రువపత్రం చాలు. విడాకులైతే, పెద్దల ముందు మూడుసార్లు చెప్పాడు, తెల్లకాగితం మీద వ్రాయించుకున్నాం అంటే కుదరదు. ఒక్కపట్టున చెప్పే తలాఖ్‌ను 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కొట్టివేసింది, 2019 చట్టం దానిని చెల్లనిదిగాను నేరంగాను చేసింది. అటువంటి కాగితాన్ని నమ్ముకొని అమ్మాయికి రెండో పెళ్లి చేస్తే మొదటి పెళ్లి అలాగే నిలిచి ఉన్నదని అవతలివారు అంటారు. కోర్టు డిక్రీ చేతిలో ఉంటే పేచీ ఉండదు. మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో భార్యను అమెరికా ఇమిగ్రేషన్ చట్టం భార్యగా గుర్తించదు. ఇది ఆడపిల్ల తల్లిదండ్రులు ముందు విచారించుకోవలసిన మాట. అలాగే అమ్మాయికి మొదటి పెళ్లి వల్ల బిడ్డ ఉంటే, తల్లి అర్జీలోనే బిడ్డ కూడా వెళ్లిపోతుందనుకోకండి. అబ్బాయి సిటిజన్ అయితే బిడ్డకు వేరే ఐ-130 వేయాలి. బిడ్డకు 18 ఏళ్లు నిండకముందే ఈ పెళ్లి జరిగి ఉండాలి.

ఇప్పుడు పేర్ల దగ్గరకు వస్తాను. నా అనుభవంలో మన పలనాడులో సగం చిక్కులు ఇక్కడే. షేక్ అనే ఒక్క మాటను చూడండి. స్కూలు రిజిస్టరులో ఎస్.కె. అని రెండక్షరాలు. ఆధార్‌లో ఎస్.హెచ్.ఎ.ఐ.కె. పాస్‌పోర్టులో చివర మరొక హెచ్. అన్నగారి సర్టిఫికెట్లో మధ్యన ఐ బదులు ఇ. తండ్రి పేరు ఒకచోట మస్తాన్ వలీ, ఒకచోట మస్తాన్‌వలి, రేషన్ కార్డులో ఉత్త మస్తాన్. తల్లి హుస్సేన్ బీ ఒకచోట హుస్సేన్ బేగం అయిపోయింది. మనకు అందరూ ఒకరేనని తెలుసు, ఊరంతటికీ తెలుసు. కాగితం చదివే అధికారికి ఊరు తెలియదు కదండీ.

పుట్టిన ఊరు, తేదీ కూడా అంతే. మొదటి కాన్పు పుట్టింట్లో చేయడం మన ఆచారం. పిల్ల పుట్టింది గుంటూరు ఆసుపత్రిలో, పెరిగింది పిడుగురాళ్లలో. జనన ధ్రువపత్రం గుంటూరు అంటుంది, పాస్‌పోర్టుకు ఇచ్చేటప్పుడు తండ్రి పిడుగురాళ్ల అని వ్రాశాడు. బడిలో వేసేటప్పుడు వయసు సరిపోవాలని అయ్యవారు జూన్ ఒకటో తారీఖు వేసేశారు. జనన ధ్రువపత్రం తీస్తే ఒక్కోసారి పిల్ల పేరే ఉండదు, 'ఆడ' అని మాత్రం ఉంటుంది. ఆ రిజిస్టరులో తర్వాత పేరు చేర్పించుకొనే వీలు 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోనే ఉన్నది. అసలు నమోదే జరగనివారు, నమోదు లేదని ఆఫీసునుంచి పత్రం తీసుకొని, దానితో స్కూలు రికార్డులు, పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లు జతపరచవచ్చు. ఒక్క విషయంలో మాత్రం కంగారు పడనక్కరలేదు. పాత కాగితాల్లో తాలూకా అని, గుంటూరు జిల్లా అని ఉంటుంది. తాలూకాలు పోయి 1985లో మండలాలు వచ్చాయి, 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. ఆనాటి కాగితం ఆనాటి నిజం చెబుతున్నది, దానిని దిద్దించబోవద్దు.

తేడాలుంటే ఏం చేయాలి? కాలం ఉన్నవి సరిచేయించాలి, కానివాటికి నిజం చెబుతూ అఫిడవిట్ ఇవ్వాలి. పాస్‌పోర్టును జనన పత్రానికి అనుగుణంగా ముందు సరిచేసుకొని, ఆ పేరుతోనే నిఖానామా వ్రాయించడం అన్నిటికంటె మేలు. దొంగ సర్టిఫికెట్ పుట్టించే మనుషులు ప్రతి సెంటర్లోనూ ఉన్నారు. వాళ్ళ దగ్గరకు పోయారో, స్పెల్లింగు తేడా కాస్తా మోసం కేసవుతుంది.

దరఖాస్తు నడిచే తీరు త్వరగా చెబుతాను. అబ్బాయి ఐ-130 వేస్తాడు, దానితో అమ్మాయి వివరాల ఐ-130ఎ. 2024 ఏప్రిల్ 1 నుంచి రుసుము కాగితం మీద అయితే 675 డాలర్లు, ఆన్‌లైన్‌లో 625. వేసే రోజున ఎంతుందో ప్రభుత్వ వెబ్‌సైట్లోనే చూసుకోండి, ఏజెంటు మాట మీద కట్టకండి. అది మంజూరైతే ఫైలు నేషనల్ వీసా సెంటరుకు పోతుంది. అక్కడ డి.ఎస్.-260 ఫారం, జనన, వివాహ పత్రాలు, పోలీసు క్లియరెన్సు, ఐ-864 అనే పోషణ హామీ పత్రం. కువైట్‌లోనో సౌదీలోనో ఏడాది, అంతకుమించి ఉండి వచ్చిన అమ్మాయి అక్కడి పోలీసు పత్రం గురించి కూడా చూసుకోవాలి. హామీ పత్రానికి అబ్బాయి ఆదాయం పేదరికపు రేఖకు 125 శాతం ఉండాలి. 2025 లెక్కలో ఇద్దరి కుటుంబానికి 26,437 డాలర్లు. చాలకపోతే అక్కడున్న మరొకరు జాయింట్ స్పాన్సరుగా నిలబడవచ్చు. వైద్య పరీక్ష కాన్సులేటు ఆమోదించిన డాక్టర్ల దగ్గరే. ఇంటర్వ్యూకి హైదరాబాదు అనుకొని నానక్‌రాంగూడ వెళ్ళకండి. ఈ రకం ఇంటర్వ్యూలు చాలాకాలంగా ముంబయి కాన్సులేటులో జరుగుతున్నాయి. కేసు నంబరు ముందు బి.ఎం.బి. అని ఉంటే ముంబయి అన్నమాట. ఈలోగా విజిటర్ వీసా మీద పంపేద్దాం, ఏం చెప్పి అయినా సరే, అనే సలహా వినకండి. వీసా అధికారికి అబద్ధం చెబితే ఆ తలుపు శాశ్వతంగా మూసుకుపోయే ప్రమాదముంది.

పెళ్లి నిజమైనదని రుజువు చూపమంటారు. అక్కడివాళ్ల ఫారంలో ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఉమ్మడి ఇంటి అద్దె అని ఉంటుంది. మన అమ్మాయి అత్తవారింట్లోనో పుట్టింట్లోనో ఉండి ఎదురుచూస్తుంటే అవి ఎక్కడివి? ఉన్నవి చూపండి. అబ్బాయి వచ్చిపోయిన టిక్కెట్లు, పాస్‌పోర్టు ముద్రలు, పంపిన డబ్బు రశీదులు, ఫోను మాటల రికార్డు, ఇరువైపుల బంధువులతో తీసిన ఫోటోలు. పర్దా పాటించే ఇళ్లలో ఫోటోలు తీయరు. అందులో తప్పేమీ లేదు, ఆడవారే ఆడవారి వైపు నాలుగు తీసి ఉంచండి, సాక్షుల అఫిడవిట్లు పెట్టండి. వీసా ఫోటోలో తల మీద ముసుగు ఉండవచ్చు, ముఖం మాత్రం పూర్తిగా కనిపించాలి.

ఇంటర్వ్యూకి జవాబులు బట్టీ పట్టించే పని మాత్రం చేయకండి. పెద్దలు కుదిర్చిన పెళ్లి, పెళ్లికి ముందు రెండుసార్లు ఫోనులో మాట్లాడుకున్నాం అని అమ్మాయి ఉన్నదున్నట్లు చెబితే చాలు. మన వంటి పెళ్లిళ్లు అక్కడ కూర్చున్న అధికారికి కొత్త కాదు. అసలు భయపడవలసింది డబ్బు తీసుకొని కాగితం మీద పెళ్లి చేసే బేరాలకు. ఆ నేరానికి అమెరికా చట్టంలో అయిదేళ్ళ జైలు, రెండున్నర లక్షల డాలర్ల జరిమానా దాకా ఉన్నది. దొంగపెళ్లి అని ఒకసారి తేలితే తర్వాత నిజంగా పెళ్లాడినా ఆ అమ్మాయి మీద అర్జీ మంజూరు కాదు.

చివరగా అమ్మాయిలతో. అమెరికాలో దిగేనాటికి పెళ్లై రెండేళ్లు నిండకపోతే మీకు వచ్చేది రెండేళ్ల షరతు కార్డు. గడువు తీరే ముందు 90 రోజుల్లోగా ఐ-751 వేయాలి, మామూలుగా ఇద్దరూ సంతకం చేయాలి. 'నా సంతకం లేకపోతే నీకు కార్డు లేదు' అని బెదిరించే మగవాళ్ళుంటారు. ఆ మాట నిజం కాదు. కొట్టి హింసించిన సందర్భంలో, విడాకులైన సందర్భంలో ఒంటరిగానే వేసుకొనే అవకాశం చట్టంలో ఉన్నది. అతను వ్రాసి ఇచ్చిన పోషణ హామీ విడాకులతో రద్దు కాదు. ఇవి మీకు తెలియాలని ఈ సభలో చెబుతున్నాను, ఇంట్లో ఎవరూ చెప్పరు గనుక. నిఖానామా, జనన పత్రం, ఐ-130 రశీదు, హామీ పత్రం, అన్నింటి నకళ్ళు ఒకటి మీ దగ్గర, ఒకటి పుట్టింట్లో ఉంచుకోండి. పాస్‌పోర్టు మీ చేతిలోనే ఉండాలి, అత్తగారి బీరువాలో కాదు. మీ పేరున వేసిన ఫారం సంతకానికి వచ్చినప్పుడు చదివి, అర్థం కానిది అడిగి, అప్పుడు సంతకం చేయండి.

ఈ సాయంత్రం మగ్రిబ్ తర్వాత నేను ఇక్కడే ఉంటాను. కాగితాలు తెచ్చుకున్నవారు చూపించవచ్చు. వీలైతే అమ్మాయిని కూడా వెంట తీసుకురండి.