కురుచ రన్‌వేపై జెట్టు విమానము
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన మీనంబాక్కము ప్రధాన రన్‌వే పొడవు 3,658 మీటర్లు. దానికి అలవడిన కన్నులకు పుట్టపర్తి రన్‌వే, 2,230 మీటర్లది, కురుచగనే తోచును. 1990లో ప్రారంభమైన ఆ విమానాశ్రయమున చిన్న జెట్టు విమానములు దిగుట మీలో కొందరు చూచియే యుందురు.

అద్దెకు తిరుగు జెట్టు, ఉన్న రన్‌వేలో నూటికి అరువది పాళ్ళలోపల, అనగా అచట 1,338 మీటర్లలో, దిగి నిలువగలదని ముందుగానే లెక్క తేల్చుకొనవలెను. నేల తడిసియున్నచో నూటికి పదునైదు పాళ్ళు అదనముగా కావలయును.

ఆ మిగులు పైలటు పొరపాటునకై ఉంచినది. రన్‌వే అంచును ఏబది అడుగుల ఎత్తున, నిర్ణీత వేగముతో దాటవలెను. వేగము నూటికి పది హెచ్చినచో, బ్రేకులు అణచవలసిన శక్తి నూటికి ఇరువదియొకటి హెచ్చును. మెత్తగా దింపవలెనని గాలిలో తేలించినకొలది రన్‌వే తరిగిపోవును. కావున కుదుపు తగిలినచో పైలటును నిందింపకుడు. కురుచ రన్‌వేపై అదియే మంచి దిగుట.

ఇది వట్టి భయము కాదు. 2010 మే 22న మంగళూరులో ఒక పెద్ద విమానము, 8,033 అడుగుల రన్‌వేలో సుమారు 5,200 అడుగులు గడచిన పిమ్మట నేలనంటెను. మరల పైకి లేవుదమని సహపైలటు హెచ్చరించినను లాభము లేకపోయెను. 158 మంది మరణించిరి.

చిన్న జెట్టులో యజమాని పైలటు వెనుకనే కూర్చుండును. ముహూర్తము మించునని ఆయన విసుగుకొన్న, ఆ మాట పైలటు చేతిపై పడును. మీ బంధువులెవరైన అట్టి విమానమెక్కుచున్నచో, "సందేహము తోచిన బెంగుళూరికి మరలింపుడు, మేమేమియు అనము" అని బయలుదేరుటకు ముందే పైలటుతో చెప్పుమనుడు.