పెద్దక్క చదువు

చేవెళ్ల, మొయినాబాదు పల్లెలలో చంకనున్న తమ్ముని కొఱకు బడి మానిన పెద్దక్కలు ఒకనాడు పెక్కుమంది. 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రమముగా ఊరూరికి అంగన్‌వాడీని తెచ్చి, పసివాని ఆలనకు ఒక చోటు చూపినది. బడికి రాని ప్రతి బిడ్డయు బాలకార్మికుల లెక్కలోనిదే యని, మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో పిల్లలను బడికి చేర్చ పూనుకొన్నది.

నేడు ఉన్నత పాఠశాలలో చదువుచు, శిశువిద్యను వృత్తిగా కోరు బాలిక ఆ పెద్దక్కలకు వారసురాలు. జోలపాట, పొడుపుకథ, చింతపిక్కల లెక్క ఆమెకు ఇంటనే అబ్బినవి. అంతమాత్రము చాలదు. పసివాడు ఏల ఏడ్చునో, ఏమి చూచి నవ్వునో గమనించుట నేర్వవలెను. ఇంటర్మీడియెటు పిమ్మట డీసెట్ వ్రాసి, రెండేండ్ల పూర్వప్రాథమిక విద్యా డిప్లొమాలో చేరవచ్చును.

కావున ఆమె చదువును పదవ తరగతితో ఆపరాదు. గ్రంథాలయమున బాలల పుస్తకములకు ఒక అర కేటాయించుట ఊరి విధి. నేడు ఆమె చదివిన కథయే రేపు మన పిల్లల తొలి పాఠము.