డాండిలయన్ తేనీరు: గుణదోష విచారము



ఉద్యోగరీత్యా సిమ్లాలోనో శ్రీనగరములోనో కొన్నాళ్ళు కాపురముండిన తెలుగు కుటుంబములకు డాండిలయన్ మొక్క కొత్తది కాదు. పేరు తెలియకపోవచ్చును గాని, మంచు కరగిన పిమ్మట గడ్డి నడుమ నేలను అంటిపెట్టుకొని లేచు రంపపు పండ్ల వంటి ఆకులను, బోలు కాడపై ఒంటరిగా నిలుచు పసుపుపచ్చని పూవును, ఆ పూవే కొన్నాళ్ళకు తెల్లని దూదిబంతియై పిల్లలు ఊదగా గాలిలో చెదరిపోవుటను వారు చూచియే యుందురు. ఆకు అంచు సింహపు కోరలను బోలియుండుటచే ఫ్రెంచివారు దీనిని ‘సింహదంతము’ అనిరి. ఆ మాటయే ఇంగ్లీషు నోట డాండిలయన్ అయినది. శాస్త్రనామము టరాక్సకమ్ అఫిసినేల్. చేమంతి, పొద్దుతిరుగుడు దీని కుటుంబములోనివే. మన తెలుగు మైదానములలో ఇది సాధారణముగా కానరాదు. అచ్చట గట్ల వెంట పెరుగు గడ్డి చామంతి వేరు మొక్క. ఇదే అది యనుకొని కోసి కాచుకొనుట తగదు.

మధ్యయుగపు అరబ్బు, పారశీక వైద్యుల గ్రంథముల మూలమున ‘టరాక్సకమ్’ అను పేరు యూరపునకు చేరినది. ఆ ఖండపు పల్లెవైద్యులు మూత్రమును వెడలించుటకును, ఆకలి పుట్టించుటకును దీనిని వాడిరి. ఫ్రెంచి వాడుకలో దీనికి గల మరియొక పేరునకు ‘పక్క తడుపునది’ అని అర్థము. పిల్లలు కూడ కూర్చున్న సభలో అంతకంటె వివరింప నక్కఱలేదు. కాశ్మీరములో దీనిని ‘హంద్’ అందురు. వసంతకాలమున ఆకుకూరగా అమ్ముదురు, ఎండబెట్టి శీతకాలమునకు దాచుకొందురు, బాలింతలకు ప్రత్యేకముగా వండిపెట్టుదురు.

నేడు ఈ ఆకును, వేరును ఎండబెట్టి పొట్లములుగా కట్టి దేశమంతటను అమ్ముచున్నారు. కాలేయమును శుభ్రపరచుననియు, రక్తపుపోటును తగ్గించుననియు, ఒళ్ళు తగ్గించుననియు పొట్లముల మీది వ్రాతలు. ఇందు నిజమెంత?

మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఆకులో నున్నది గిన్నెలోనికి ఎంత దిగినది? నూరు గ్రాముల పచ్చి ఆకులో కె విటమిను సుమారు 780 మైక్రోగ్రాములు కలదు. పెద్దవారికి రోజునకు కావలసినది 90 మొదలు 120 వరకు మాత్రమే. ఈ లెక్కను చూపి తేనీటిని పొగడువారు ఒక సంగతి మరతురు. కె విటమినుగాని, ఎ విటమినుగా మారు కెరోటినుగాని నూనెలో కరగునవే కాని నీటిలో కరగునవి కావు. వేడినీరు పోసి వడగట్టినప్పుడు వాటిలో చాల భాగము పిప్పితోనే పోవును. పొటాషియము అట్లు కాదు. నూరు గ్రాముల ఆకులో సుమారు 400 మిల్లీగ్రాములున్న ఆ లవణము నీటిలో సులభముగా దిగును. కావున ఆకునకు చెప్పిన ఘనత యంతయు తేనీటికి అంటగట్టుట న్యాయము కాదు.

మూత్రము వెడలించు గుణమునకు కొంత ఆధారము లేకపోలేదు. 1974లో ఎలుకలపై జరిగిన పరీక్షలో ఆకు సారము బలముగా పనిచేసినట్లు తేలినది. 2009లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో 17 మందికి ఒకే దినమున మూడు మార్లు ఆకు సారము ఇచ్చిరి. మొదటి మోతాదు తరువాతి ఐదు గంటలలో వారు మూత్రమునకు పోవుట హెచ్చినది. మూడవ మోతాదునకు మార్పేమియు కానరాలేదు. వారు పుచ్చుకొన్నది మద్యసారములో తీసిన సారము, తేనీరు కాదు. పదునేడుగురు, ఒక్క దినము! ఇంతమాత్రమున రక్తపుపోటు మాత్రలు మానుకొనవచ్చునని తలచుట సాహసము. యూరోపియన్ ఔషధ సంస్థ కూడ దీర్ఘకాలపు వాడుకను బట్టియే దీనిని అంగీకరించినది గాని, రోగులపై జరిగిన పరీక్షల ఋజువును బట్టి కాదు.

వేరు సంగతి వేరు. అందులో ఇన్యులిన్ అను పిండిపదార్థము కలదు. వసంతమున స్వల్పముగానుండి శరత్కాలమునకు నూటికి నలుబది పాళ్ళ వరకు పెరుగును. అది మనకు జీర్ణము కాక ప్రేవులలోని మేలుచేయు సూక్ష్మజీవులకు ఆహారమగును. కొందరికి కడుపుబ్బరము కూడ కలిగించును. వేరును వేయించి పొడిచేసి కాచినచో కాఫీని తలపించు చేదు పానీయము వచ్చును. మన ఫిల్టరు కాఫీలో కలియు చికోరీ దీనికి దగ్గఱి బంధువే గనుక ఆ రుచి తెలుగువారికి బొత్తిగా కొత్త కాదు. ఇందులో కెఫీను లేదు. రాత్రి నిద్రపట్టనివారు సాయంకాలపు కాఫీకి బదులుగా దీనిని త్రాగినచో ఆ లాభము నిజమైనదే. రెండు చెంచాల చక్కెర వేసికొన్నచో ఆ లాభమును చేజేత పోగొట్టుకొనుటయే.

ఇక దోషముల విషయమున కొంత నిలువవలసియున్నది. 1954లో ఢిల్లీలో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకపు డిస్పెన్సరీలలో నెలనెలకు మాత్రలు తెచ్చుకొను పెద్దలు ఎందరో కలరు. వైద్యుడడిగినప్పుడు వారు మాత్రల పేర్లన్నియు చెప్పుదురు. కషాయము మాట మాత్రము చెప్పరు, అది మందు కాదని వారి నమ్మకము. రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి పోటు మాత్రలును, స్పైరనోలాక్టోనును రక్తములో పొటాషియమును నిలిపియుంచును. మూత్రపిండములు బలహీనపడినవారికి అది అసలే నిలుచును. దానిపై పొటాషియము దిగిన ఈ తేనీరు రోజుకు మూడు నాలుగు గిన్నెలు చేరినచో, మితిమీరిన పొటాషియము గుండె లయను తప్పించగలదు. మూత్రము జారీకి ఇదివరకే మాత్రలు వాడువారికి నీరసము, తల తిరుగుట కలుగవచ్చును. మనోవ్యాధికి లిథియము పుచ్చుకొనువారికి ఆ మందు ఒంటిలో నిలిచిపోవు ప్రమాదము కలదు.

పిత్తాశయములో రాళ్ళున్నవారు, పిత్తనాళము మూసికొనిపోయినవారు, కడుపులో పుండున్నవారు దీని జోలికి పోరాదు. చేదు పిత్తమును కదలించుననుటయే పొగడ్తకును హెచ్చరికకును ఆధారము. చేమంతి పూలు గాని, పొలములను ఆక్రమించిన వయ్యారిభామ గాని తగిలినప్పుడు ఒళ్ళు దద్దురులెక్కు వారికి ఇదియు పడకపోవచ్చును. గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును, 12 ఏండ్ల లోపు పిల్లలకును తేనీరుగా దీనిని ఆ సంస్థ సూచింపలేదు.

కామెర్లు వచ్చినప్పుడు చేదును నమ్ముట మనకును అలవాటే. నేల ఉసిరిక పసరు ఎరుగని తెలుగిల్లు అరుదు. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి క్రిమి నిలిచియున్నవారికి ఆ మొక్కను ఇచ్చి, 37 మందిలో 22 మందికి రక్తములో క్రిమి గుర్తు మాయమైనదని ప్రకటించిరి. పిమ్మట ఇతరులు చేసిన పరీక్షలలో అట్టి ఫలము కానరాలేదు. డాండిలయనుకు ఆపాటి పరీక్ష యైనను గట్టిగా జరుగలేదు. కన్నులు పచ్చబడినవాడు ఈ గిన్నెను నమ్మి రక్తపరీక్షకు పోవుట పదిదినములు ఆలస్యము చేసినచో, దోషము మొక్కది కాకున్నను నష్టము మాత్రము ఆ యింటిదే.

ఆరోగ్యముగా నున్నవారు రోజునకు ఒకటి రెండు గిన్నెలు త్రాగుటలో ఆక్షేపణ లేదు. ఆకునకు మరగిన నీరు పోసి మూతపెట్టి పది నిమిషములుంచిన చాలును. వేరును మాత్రము కాచవలెను. కొండ పట్టణములలో నున్నవారు బాట ప్రక్కను, కలుపుమందు చల్లిన పచ్చికలోను మొలచిన దానిని ఏరరాదు. దుమ్ముతోపాటు సీసము కూడ ఆకును పట్టియుండును. లేత ఆకు దొరకినచో కాశ్మీరపు గృహిణుల వలె కూరగా వండుట మేలు, నూనె తగిలినందున తేనీటిలో దిగని విటమినులు అందులో దక్కును. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ పుచ్చుకొనువారు మాత్రము ఆ కూరను వైద్యునితో చెప్పిన పిమ్మటనే వడ్డించుకొనవలెను.