పీపా కొలత ఎవరి చేతిలో నుండవలెను?



16, 17వ శతాబ్దులలో ఇంగ్లండు దేశమున పానీయపు పీపాలను కొలిచిన తీరును గూర్చి మేము నేడు మీతో ముచ్చటింపదలచితిమి. పానమును మెచ్చుట మా యుద్దేశము గాదు. అమ్మువాని కొలతను ఊరివారెట్లు అదుపులో నుంచిరో తెలియుటకే ఈ ప్రసంగము.

ఆ దేశమున బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, నలుగగొట్టి, వేడినీట కలిపి తీసిన తీపిరసమును పులియబెట్టి ‘ఏల్’ అను పానీయమును చేసెడివారు. చిరకాలము ఇది ఇండ్లలో స్త్రీలు చేసిన పని. 15వ శతాబ్దిలో, సముద్రమునకు ఆవలనున్న నెదర్లాండు ప్రాంతములనుండి, హాప్స్ అను తీగ పూవులు వేసి కాచు పద్ధతి వ్యాపించెను. అట్లు చేసిన బీరు చేదు. కాని త్వరగా చెడదు. నిలువ యుండుటచే దానిని పెద్దయెత్తున కాచి, పీపాలకెత్తి, దూరమునకు పంపసాగిరి.

చిక్కంతయు ఆ పీపాతోనే వచ్చినది. కుంచమునకు అడుగు, అంచు కంటికి కనబడును. పీపా నడుము ఉబ్బి, కొనలు సన్నగిలి యుండును. పలకలు కొంచెము మందమైనను, ఉబ్బు కొంచెము తగ్గినను కొన్నవానికి తెలియదు. బీరు కాచువారు పీపాలను తామే చేయించుకొనుచు, తక్కువ పట్టునట్లు చూచుకొనుచుండిరి. అందుచే ఎనిమిదవ హెన్రీ కాలమున, 1531లో, ఒక శాసనము వచ్చినది. కాచువారు పీపాలను చేయరాదు. ఆ వృత్తివారే చేయవలెను. ఏల్ పీపా 32 గాలనులు, బీరు పీపా 36 గాలనులు పట్టవలెను. చేసినవాడు తన గుర్తు వేయవలెను. లండనులో ఆ వృత్తిసంఘపు పెద్దలు పీపాలను కొలిచి ముద్ర వేసెడివారు. అమ్మువాడొకడు, పాత్ర చేయువాడింకొకడు, పరీక్షించువాడు వేరొకడు! ఈ ఏర్పాటు మాకు మిక్కిలి నచ్చినది.

చిల్లర అమ్మకమునకు ఊరి న్యాయసభవారు తమలోనొకని ఎన్నుకొనెడివారు. ఏల్ రుచి, ధర, కొలపాత్ర చూచుట అతని పని. స్ట్రాట్‌ఫర్డు పట్టణమున 1556లో ఈ పదవి జాన్ షేక్స్‌పియరుకు దక్కెను. మహాకవి తండ్రి యితడే. నాలుగేండ్ల క్రిందట, 1552లో, వీధిలో పెంటకుప్ప వేసినందులకు ఇతడే జరిమానా చెల్లించెను!

1643లో బీరుపై ఎక్సైజు సుంకము పడినపిమ్మట ప్రభుత్వమువారికిని పీపా కొలత కావలసివచ్చెను. ఉద్యోగి పీపా రంధ్రములో కొలకర్రను దించి నడుము వ్యాసమును తెలిసికొనును. కొన వ్యాసమును, లోపలి పొడవును కొలుచును. నడుము వృత్తపు వైశాల్యమును రెట్టించి, కొన వృత్తపు వైశాల్యమును కలిపి, మూడిట భాగించి, పొడవుచే గుణించినచో ఘనపుటంగుళములు వచ్చును. ఏల్‌కు 282చే భాగించిన గాలనులు తేలును. ఇంత లెక్క పీపా ప్రక్కన నిలుచుండి చేయుట కష్టము. అందులకే థామస్ ఎవరార్డు అను ఎక్సైజు ఉద్యోగి 1683లో జరుపుబద్దలు గల ఒక గణితపు కర్రను వెలువరించెను. దానిని జరిపినచో లెక్క తానే తేలును.

ద్రాక్షసారాయి గాలను మాత్రము 231 ఘనపుటంగుళములే! ఒకే పేరున రెండు కొలతలు చిరకాలము నడచినవి. 1824లో చేసిన చట్టముచే ఆ రెండును తొలగి, దేశమంతటికి ఒకే గాలను ఏర్పడినది.